లింకన్ నడిచాడు కదా!

మన పిల్లలు గొప్పవాళ్ళు కావాలంటే ముందుగా చెయ్యాల్సిన పని, ఊరికొచ్చే బస్సును ఆపేయడం! నమ్మరా? అయితే చిల్లకల్లు దగ్గర హైవే మీద దిగి, లోపలికి ఐదు కిలోమీటర్లు రండి. నడిచే రావాలి లెండి.

ఆ ఊళ్ళో వరప్రసాదరావు గారని ఒక మహానుభావుడున్నారు. పద్నాలుగు టిప్పర్లకు ఓనరు, ఊరి రాజకీయాలకు పెద్ద దిక్కు. ఆయన టిప్పర్లు సున్నపురాయి మోసి మోసి ఊరి రోడ్డును గోతులమయం చేశాయి. ఆ గోతులకు భయపడి పొద్దున ఏడున్నర బస్సు రావడం మానేసింది. ఎంతటి మహోపకారం! కానీ కృతజ్ఞత ఏదీ? ఊరంతా ఏడుపు మొహాలు పెట్టుకు కూర్చుంది.

అందరికంటే ఎక్కువ బెంగపెట్టుకుంది రోజారమణి. మిరప కోతలకూ పత్తి తీతలకూ వెళ్ళి కూతురు మహిమను జగ్గయ్యపేటలో ఇంటర్ రెండో సంవత్సరం చదివిస్తోంది. పిల్ల హైవే దాకా నడిచి, ఆటో దొరికించుకుని కాలేజీ చేరేసరికి మొదటి పీరియడ్లు అయిపోయేవి. హాజరు డెబ్బై మూడు శాతానికి జారింది. డెబ్బై ఐదు లేకపోతే పరీక్ష రాయనివ్వనని ప్రిన్సిపాలు తెగేసి చెప్పారు. పరీక్షల దాకా ఒక్కరోజు కూడా మానకుండా, ఒక్క పీరియడ్ తప్పకుండా వెళ్తేనే పిల్ల గట్టెక్కుతుంది.

అందుకని జనవరి చివర్లో రోజారమణి నలుగురు ఆడవాళ్ళను వెంటేసుకుని వరప్రసాదరావు గారి వసారాకు వెళ్ళింది.

"బాబుగారూ, గోతులు పూడిపిస్తే బస్సు మళ్ళీ వచ్చుద్దంటండి. పిల్లల చదువులు పాడైపోతన్నయ్యండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రోజారమణీ, అబ్రహాం లింకన్ తెలుసా నీకు?"

"అబ్రాహాము తెలుసండి. బైబిల్లో ఉన్నాడు గదండి."

"ఆయన కాదమ్మా. ఈయన అమెరికా ప్రెసిడెంటు. పుస్తకం కోసం మైళ్ళకి మైళ్ళు నడిచాడు. ఏ బస్సెక్కాడు చెప్పు?"

అమెరికా బస్సుల సంగతి రోజారమణికేం తెలుసు?

వరప్రసాదరావు గారు విజయవాడ పుస్తకాల ఎగ్జిబిషన్‌లో లింకన్ జీవితచరిత్ర కొన్న దగ్గర్నుంచీ ఊరి సమస్యలన్నీ తీరిపోయాయి. ఇల్లు కావాలని ఎవరొచ్చినా, లింకన్ పుట్టింది ఒంటిగది చెక్క గుడిసెలో. కరెంటు పోతోందా? లింకన్ పొయ్యి వెలుగులో చదివాడు. బళ్ళో టీచర్లు లేరా? లింకన్ బడికి వెళ్ళిన రోజులన్నీ కలిపితే ఏడాది కూడా కాదు! ఇక ఆయన సర్పంచి ఎన్నికల్లో రెండుసార్లు ఓడిన సంగతి ఎవరైనా ఎత్తితే, లింకన్ మాత్రం ఓడలేదా? ఇంత చవగ్గా ఊరిని బాగుచేసిన నాయకుణ్ణి మీరెక్కడైనా చూశారా?

ఫిబ్రవరి పన్నెండున లింకన్ జయంతి. బడి ఆవరణలో సభ పెడుతున్నాననీ, నడిచి చదువుకునే మహిమ అందులో మాట్లాడాలనీ కబురు పంపారు. చదువుకోమని పుస్తకం కూడా ఇచ్చారు. "ఆ రోజు కాలేజీ పోద్దమ్మా," అని మహిమ గింజుకుంది. "స్టేజీ మీద నలుగురి ముందు ఆయన మాటిస్తే బస్సు వచ్చుద్దేమోనే," అంది తల్లి. కడుపు తీపి ఎన్ని ఆశలైనా పెట్టుకుంటుంది.

సభ రోజున షామియానా, కుర్చీలు, ఊరంతటికీ పులిహోర పొట్లాలు. వరప్రసాదరావు గారు ముప్పావుగంట లింకన్ బాల్యం చెప్పి, మైకు మహిమకిచ్చారు.

"అందరికీ నమస్కారమండి. సార్ ఇచ్చిన పుస్తకంలో ముప్పయ్యో పేజీ దాకా గీతలు గీసున్నాయండి. నేను చివరి దాకా చదివా," అని మొదలుపెట్టింది పిల్ల. "లింకన్ గారు ఇరవై మూడేళ్ళకి మొదటిసారి ఎన్నికల్లో నిలబడ్డారండి. అప్పుడు ఓటర్లకి రాసిన కాయితంలో, మన ఊళ్ళకి రాకపోకలు లేవు, నదిలో పడవలు నడిచేలా బాగుచేసుకుందాం అని రాశారండి. ఓడిపోయారు. మళ్ళీ నిలబడి గెలిచి, రోడ్లకి, కాలవలకి, రైళ్ళకి ఓటేశారు. ప్రెసిడెంటయ్యాక, ఓ పక్క యుద్ధం జరుగుతుంటే, పడమటి సముద్రం దాకా రైలు వెయ్యమని చట్టం మీద సంతకం పెట్టారు. ఆయన నడిచారు గానీ, మీరూ నడవండని ఎవరికీ చెప్పలేదండి."

వెనక వరసల్లోంచి చప్పట్లు మొదలై ముందుకొచ్చాయి. ఇక ఆయన మాటివ్వక తప్పదనుకుంది రోజారమణి.

వరప్రసాదరావు గారు లేచారు. కళ్ళు నిజంగానే చెమర్చాయి. మహిమ భుజాల మీద శాలువా కప్పారు.

"విన్నారా? ఇంత చక్కగా మాట్లాడే పిల్లని మనకి ఎవరిచ్చారు? కార్పొరేట్ కాలేజీ ఇచ్చిందా? ఏసీ బస్సు ఇచ్చిందా? మన రోడ్డు ఇచ్చింది! ఇప్పుడు నేను బస్సు తెప్పిస్తే ఏమవుద్ది? కిటికీ పక్కన కూర్చుని సెల్‌ఫోను చూసుకుంటది. ఇంత రత్నాన్ని నేను చేతులారా పాడుచెయ్యను!"

చూశారా వాదనా పటిమ! పిల్ల తెలివితక్కువదైతే బస్సు దండగ. తెలివైనదైతే బస్సు అవసరమే లేదు. చప్పట్లు మళ్ళీ మోగాయి, ఈసారి ముందు వరసల్లోంచి. ఫోటోగ్రాఫరు మూడు ఫోటోలు తీశాడు. వాటితో ఫ్లెక్సీ వేయించి హైవే మలుపులో కడతారట. అక్కడ కాలేజీలో అదే సమయానికి హాజరు పట్టీలో మహిమ పేరు ఎదురుగా ఆబ్సెంట్ పడింది.

ఆ ఊపులో వరప్రసాదరావు గారు రోజారమణిని కూడా పైకి పిలిచి మైకు చేతికిచ్చారు. "తల్లివి, రెండు ముక్కలు చెప్పమ్మా. నీ కూతురు గొప్పదవుతున్నందుకు సంతోషమేనా?"

ఆమె ఎన్నడూ మైకు పట్టుకున్న మనిషి కాదు. కొంగు సర్దుకుని, రెండు చేతులతో దాన్ని గట్టిగా పట్టుకుంది.

"సంతోషమేనండి బాబుగారూ. కానీ నడిస్తే గొప్పోళ్ళవుతారని ఇంత తెలిసుండి, మీ మనవడి విషయంలో ఎందుకండి ఇంత అన్యాయం చేస్తన్నారు? పాపం, రోజూ ఆ పిల్లోణ్ణి నందిగామ బడికి కారులో పంపుతున్నారు గదండి. రేపు పొద్దున ఆరింటికి మా ఇంటికి పంపండి. హైవే దాకా మా మహిమ చెయ్యి పట్టుకుని నడిపించుద్ది."