షాడ్ చేప అధికారిక గైర్హాజరు

సముద్రంలో ఉన్నదీ లేనిదీ తేల్చుకునే అధికారం చేపకి లేదు. అందుకొక కార్యాలయం కావాలి, ఆ కార్యాలయానికొక యాప్ కావాలి, ఆ యాప్‌కి నిలకడగా అబద్ధమాడే పౌరులు కావాలి. ఈ మూడూ ఒక్కచోట అమరిన తీరం భూమ్మీద మాదొక్కటేనని సగర్వంగా మనవి చేసుకుంటున్నాను. డర్బన్‌కి ఉత్తరాన, చెరకు మిల్లు దిగువన ఉన్న రాళ్ళ గట్టు మాది.

మా వైపు చలికాలం జూన్‌లో వస్తుంది. ఆ చలి మొదలవగానే షాడ్ చేప గుంపులు గుంపులుగా ఆ రాళ్ళ పక్కకి వస్తుంది. దాన్ని అమ్మితే నేరం, కొంటే నేరం. గాలం వేసి మనిషికి రోజుకి నాలుగు పట్టుకోవచ్చు. అంటే షాడ్ తినాలనుకుంటే మీరే పట్టాలి, లేదా పట్టేవాడు మీకు బావమరిదై ఉండాలి. అందుకే ఆ రోజుల్లో మా ఊరి మగాళ్ళంతా పొద్దు పొడవకముందే రాళ్ళమీద భుజాలు రాసుకుంటూ నిలబడి ఉంటారు. ఇంట్లో పంపు కారుతోందని చెప్తే వినపడని వాళ్ళకి కూడా అలల చప్పుడు మాత్రం వినపడుతుంది.

గట్టుమీద పలకరింపు ఒక్కటే. వచ్చినవాడు "ఏమన్నా పడిందా?" అనాలి. ఉన్నవాడు "ఎక్కడ, ఏం లేదు" అనాలి. కాళ్ళ దగ్గర తడి గోనెసంచి ఎగిరెగిరి పడుతున్నా అదే జవాబు. అడిగినవాడు ఆ సంచివైపు చూడకూడదు. చూస్తే పెంపకం మంచిది కాదంటారు. (ఉన్నమాట చెప్పినవాణ్ణి ఒకణ్ణి నా చిన్నతనంలో చూశాను. మర్నాడు అతని చోట ఊరు ఊరంతా నిలబడింది. అతను గోల్ఫ్‌కి మారిపోయాడు.)

ఇంత చక్కగా నడుస్తున్న వ్యవస్థలోకి తీరప్రాంత మత్స్య ఉనికి నిర్ధారణ కార్యాలయం వారు దిగారు. వారి తరఫున నొక్వాజి అనే అమ్మాయి చేతిలో టాబ్లెట్ పట్టుకుని రోజూ గట్టంతా తిరిగేది. మర్యాద తెలిసిన పిల్ల. మొదటిరోజు సన్నీ గోవిందర్ దగ్గరికొచ్చింది. సన్నీ రిటైరైన హెడ్మాస్టరు, అబద్ధం ఆడిన పిల్లల చేత జీవితమంతా గుంజీలు తీయించిన మనిషి.

"గుడ్ మార్నింగ్ అంకుల్. ఇవాళ ఏమన్నా పడ్డాయా?"

"ఎక్కడమ్మా. నీళ్ళల్లో జీవం లేదు."

"మీ సంచి కదులుతోంది అంకుల్."

"గాలి తల్లీ."

'సంచి కదలిక' అనే గడి యాప్‌లో లేదు. ఆ పిల్ల 'గాలి' అని రాసుకుని సున్నా నొక్కింది. పక్కవాడూ ఏం లేదన్నాడు, ఆ పక్కవాడూ ఏం లేదన్నాడు. చలికాలం సగానికి వచ్చేసరికి కార్యాలయం కంప్యూటర్లో మా తీరం గీత సున్నా మీద పడుకుని దుప్పటి కప్పుకుంది. షాడ్ చేప 'దీర్ఘకాలిక గైర్హాజరు'లో ఉన్నట్టు ప్రకటన వెలువడింది.

ఇక్కడ అప్పల్సామి మామ గురించి చెప్పాలి. మా వీధిలోనే ఉంటాడు, రిటైరైన సిటీబస్సు డ్రైవరు. ఆయన భార్య చిట్టెమ్మ అత్త వేసవిలో పెద్ద జబ్బు చేసి లేచింది. లేచింది గానీ తిండి మానేసింది. కోడి వండినా, పప్పు చేసినా రెండు మెతుకులు కొరికి పళ్ళెం తోసేసేది. జూన్‌లో మామ మొదటి షాడ్ తెచ్చి, కారం పట్టించి వేపి పెడితే, ముల్లు కూడా వదలకుండా తిని, "ఉప్పు తగ్గింది" అంది. ఆ మాటకి మామ గోడవైపు తిరిగి ఏడ్చాడు. ఆవిడ తప్పు పట్టిందంటే కోలుకున్నట్టే లెక్క. అప్పటినుంచి ఆ ఇంట్లో ముద్ద దిగాలంటే షాడ్ ఉండాలి.

ఆ తర్వాత 'కొరతకు కారణాల అన్వేషణ సదస్సు' జరిగింది. కార్యాలయం అధిపతి స్వానెపూల్ గారు వేదికమీద, మేమంతా కింద, మధ్యలో సమోసాలు. అంత ఉన్నతస్థాయి చర్చ మా టౌన్‌హాలు ఎన్నడూ చూసి ఎరగదు.

"విదేశీ పడవలండీ," అన్నాడు సన్నీ. "అడుగంటా ఊడ్చుకుపోతున్నాయి."

"పడవలు కాదు, మిల్లు వదిలే వేడినీళ్ళు," అన్నాడు మాంసం కొట్టు ఫరూక్ భాయ్.

"మీ కొట్టు కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో అది కూడా చెప్పండి భాయ్."

"నా కొట్టు నీళ్ళు తాగితే చేప బలుస్తుంది మాస్టారూ. మీ పాఠం వింటేనే పారిపోతుంది."

అలలమీద పలకలేసుకుని ఆడే కుర్రాళ్ళ వల్ల అని ఒకరన్నారు. నది నోట్లో ఇసుక తవ్వడం వల్ల అని ఒకరు, ఈ కాలం చేపలకి భయభక్తులు లేకపోవడం వల్ల అని ఇంకొకరు. కార్యాలయం వారు ప్రతిదానికీ ఒక నంబరిచ్చి రాసుకున్నారు. చేప మా ఫ్రిజ్‌లలో ఉండడం వల్ల నీళ్ళల్లో కనపడడం లేదన్న కారణం మాత్రం ఎవరికీ తట్టలేదు. వాదించి వాదించి గొంతులు పోయాయి. ఆ పోయిన గొంతుల్లోంచి పొద్దున తిన్న షాడ్ వేపుడు వాసన వస్తోంది. చిత్రమేమిటంటే, చివరికి వాళ్ళు ఆ కొరతని నిజంగానే నమ్మారు. ఫరూక్ భాయ్ కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

స్వానెపూల్ గారు అంతా ఓపిగ్గా విని తీర్పు చెప్పారు. లేని చేపకి గాలం వేయడం ఆ చేపని మానసికంగా ఒత్తిడికి గురిచేయడమేనట. కాబట్టి గట్టుకి కంచె, కంచెకి గేటు, గేటుకి తాళం. చేప తిరిగి వచ్చినట్టు గాలంతో పట్టి రుజువు చేస్తే తాళం తీస్తారు. గాలం వేయడం నిషేధం. (ఈ రెండు నిబంధనలూ ఒకే పేజీలో, ఒకదాని కిందొకటి ఉన్నాయి. వాటికి పరస్పరం పరిచయమున్నట్టు లేదు.) ఇంకో దారి కూడా ఇచ్చారు. ఈ చలికాలంలో ఇక్కడ చేప పట్టానని ఎవరైనా ప్రమాణం చేసి, సరిగ్గా ఎక్కడ పట్టిందీ చెప్తే, ఆ చోటు పటంలో గుర్తుపెట్టి అందరికీ తెలిసేలా ప్రచురించి, విచారిస్తారు.

మా వాళ్ళ ముఖాలు చూడాలి. గట్టు మూతపడితే బాధే. కానీ తన చోటు పక్కవాడికి తెలియడం చావుతో సమానం. సముద్రం మొత్తం పోయినా ఫర్వాలేదనుకుని బుద్ధిగా సమోసాలు తిన్నారు.

వారం తిరిగేసరికి చిట్టెమ్మ అత్త మళ్ళీ పళ్ళెం తోసేయడం మొదలుపెట్టింది. మామ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని విచారణకి వెళ్ళాడు. మమ్మల్ని కూడా పిలిచారు.

"నేను పట్టాను సార్," అన్నాడు మామ. "రోజూ పట్టాను. ఆ పిల్ల అడిగితే లేదన్నాను. తప్పు నాదే. చేపలున్నాయి, గేటు తీయించండి. నా భార్య తినాలి."

హాల్లో అందరూ మనసులో లెక్క వేసుకున్నారు. మామ మాట నిజమైతే మిగతా సున్నాల సంగతేమిటి అని అడుగుతారు. తప్పుడు సమాచారానికి జరిమానా ఉంది. ముందుగా సన్నీ లేచాడు.

"సార్, మామ పెద్దమనిషి. ఇంట్లో జబ్బు, మనసు బాగాలేదు. ఇన్నేళ్ళలో మామకి జలుబు పట్టడం చూశాం గానీ, మామ చేప పట్టడం చూళ్ళేదు."

నవ్వులు. ఫరూక్ భాయ్ కూడా అంతేనన్నాడు. తర్వాత వరసగా అందరూ అంతేనన్నారు. వెనకనుంచి నొక్వాజి లేచి, "సార్, అందరి సంచులూ కదిలేవి" అంది.

స్వానెపూల్ గారు రికార్డు చూశారు. "గాలి అని నమోదైంది కదమ్మా."

అత్యధిక మెజారిటీతో షాడ్ లేదని తేలింది. అప్పల్సామి మామ ప్రభుత్వానికి తప్పుడు సమాచారం ఇచ్చినందుకు ఆయన గాలం పర్మిట్ రద్దయింది. లేని చేపకి చోటెక్కడని లోపల ఎవరూ అడగలేదు. మా తీరంలో అబద్ధమాడి దొరికిన మనిషి, కార్యాలయం లెక్క ప్రకారం, ఆయనొక్కడే.

బయట కార్ల దగ్గర మామని ఒక్కొక్కరే కలిశారు, ఇంకొకరు చూడకుండా.

"ఏమనుకోకు మామా, లోపల అలా అనాల్సొచ్చింది," అన్నాడు సన్నీ. "ఇంతకీ ఏ రాళ్ళ దగ్గర?"

మామ చెప్పాడు. అడిగిన ప్రతివాడికీ చెప్పాడు. కొస రాయి దాటాక ఎడమచేతి గుండం, పోటు దిగుతున్నప్పుడు. "నాకింక ఆ చోటుతో పనేముంది. ఎవరికి పడినా ఒకటి మీ అత్తకి పంపండి, చాలు."

"అయ్యో, అదేం మాట మామా. ఒకటేమిటి," అన్నారందరూ. ఆ క్షణంలో వాళ్ళు మనస్ఫూర్తిగానే అన్నారని నా నమ్మకం.

ఆ వారంలోనే కంచెకి ఎడమచేతివైపు కన్నం పడింది. (కార్యాలయం దాన్ని కన్నం అనదు. కంచెలో కొంత భాగం గైర్హాజరైంది అంటుంది.) కన్నంలోంచి ఎవరూ దూరడం లేదు, ఎవరూ ఏమీ పట్టడం లేదు. కాబట్టి ఎవరూ ఎవరికీ ఏమీ పంపడానికి వీల్లేదు. ఒక్క చేప అత్త ఇంటికి పంపినా, పట్టినట్టు ఒప్పుకున్నట్టే కదా. ఈ ఇబ్బంది అందరికీ తెలుసు. మామకి కూడా తెలిసే ఉంటుందని అందరూ సర్దుకున్నారు.

ఆదివారం మధ్యాహ్నం మా వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా నూనె చిటపటలు, కారం ఘాటు. మామ మెల్లగా నడుచుకుంటూ వచ్చి మా గుమ్మం దగ్గర ఆగాడు. చేతిలో మూతపెట్టిన ఖాళీ గిన్నె ఉంది.

"ఏం వేపుతున్నార్రా?"

"వంకాయ మామా," అన్నాను.

మామ నా వెనకున్న వంటింటివైపు చూడలేదు. పెంపకం మంచిది. గిన్నె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"సరేలే," అన్నాడు. "మీ అత్తకి వంకాయ పడదు."