అటక మీది సాక్ష్యం

పది గంటలకు కోర్టు పంపిన డాక్టరు వస్తాడు. ఎనిమిదిన్నరకల్లా మేనత్త ఇంటికి చేరి, మాడిన గిన్నెలన్నీ వంటింటి గట్టు మీద వరసగా పేర్చి ఉంచాలి. ఆ ఉదయానికి మేనల్లుడి పథకం అంతే. అతను ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. ముందు ప్రమాదం ఊహించి, ఆ తర్వాతే ఊపిరి పీల్చే రకం.

అత్తయ్యకు ఎనభై ఒకటి. రెండు నెలల్లో అయిదుసార్లు పొయ్యి కట్టేయడం మరిచిపోయింది. ఒకసారైతే పక్కింటావిడ తలుపు పగలగొట్టించింది కాబట్టి సరిపోయింది. "నా దగ్గరికొచ్చి ఉండు" అంటే ససేమిరా అంది. చివరికి ఆవిడ సంరక్షణ తనకు అప్పగించమని కోర్టులో దరఖాస్తు పెట్టాడు. డాక్టరు ఇవాళ "ఆవిడకేం, బ్రహ్మాండంగా ఉంది" అని రాశాడంటే, ఆ ఇంట్లో మళ్లీ ఆవిడా ఆ పొయ్యీ మిగులుతారు.

అతను లెక్కలోకి తీసుకోనిది ఒక్కటే. అత్తయ్య ముప్ఫై ఏళ్లు హెడ్మిస్ట్రెస్. ఇన్‌స్పెక్షన్ అనగానే పక్క బడి పిల్లల్ని అరువు తెచ్చి ఖాళీ బెంచీలు నింపిన మనిషి.

వెళ్లేసరికి ఇల్లు అద్దంలా ఉంది. గట్టు మీద గిన్నెలు తళతళలాడుతున్నాయి.

"ఇవెక్కడివి అత్తయ్యా?"

"పక్కింటివి. సాయంత్రం ఇచ్చేస్తాలే."

"మాడినవేవి?"

"ఏ మాడినవిరా?" అంది ఆవిడ. చూపు మాత్రం హాల్లో అటక మీదికి పోయింది.

తేలికపాటి నిచ్చెన వేసుకుని అటకెక్కి, మూలదాకా పాకాడు. గోనెసంచిలో అయిదు గిన్నెలు, బొగ్గుల్లా. అప్పుడే, చెప్పిన టైముకి గంట ముందే, కాలింగ్ బెల్ మోగింది. హాలు మధ్యలో నిచ్చెన ఏమిటి, అసహ్యంగా అనుకుని, అత్తయ్య దాన్ని పెరట్లో పెట్టి వచ్చి తలుపు తీసింది. పైన ఎవరున్నారన్నది ఆ రెండు నిమిషాల్లో ఆవిడ బుర్రలోంచి జారిపోయింది.

"ఇవాళ తేదీ ఎంతమ్మా?" అన్నాడు డాక్టరు.

ఆవిడ తేదీ, వారం, నెల గడగడా చెప్పి, "చొక్కా గుండీ ఒకటి తప్పి పెట్టుకున్నావు నాయనా" అని కూడా చెప్పింది.

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"నేనొక్కదాన్నే."

"అత్తయ్యా, నిచ్చెన!" అంది అటక.

డాక్టరు అదిరిపడ్డాడు. "ఎవరది?"

"దొంగ!" అత్తయ్య చీపురందుకుంది.

"నేనే అత్తయ్యా, నీ మేనల్లుణ్ణి!"

"మా వాడు గుమ్మంలోంచి వస్తాడు. నెత్తిమీంచి రాడు!"

అతను ఫ్రిజ్ మీదుగా దిగబోయాడు. ముందు గిన్నెలు పడ్డాయి. వాటి మీద అతను పడ్డాడు. చీలమండ బెణికింది. మొహం నిండా మసి.

"డాక్టరు గారూ, ఇదిగో సాక్ష్యం!"

డాక్టరు రెండు వేళ్లు చూపించాడు. "ఇవెన్నండీ?"

"నన్నడుగుతారేంటి? చూడాల్సింది ఆవిణ్ణి!"

"ఇవాళ తేదీ?"

కంగారులో నిన్నటి తేదీ చెప్పాడు.

"చూశారుగా! ఇలాంటివాడి చేతిలోనా నన్ను పెట్టేది?" అంది అత్తయ్య. డాక్టరు తలూపి ఏదో రాసుకోబోయాడు.

అంతలో వంటింట్లోంచి మాడు వాసన గుప్పుమంది. డాక్టరు పరుగెత్తి పొయ్యి కట్టేశాడు. పక్కింటావిడ గిన్నెలో పాలు నల్లగా అడుగంటిపోయాయి.

"ఎవరు పెట్టారది?" అంది అత్తయ్య. ఆవిడ గిన్నె వంక చూస్తూ చూస్తూ కుర్చీలో కూలబడింది. "నేనే కదూ?"

మేనల్లుడి జేబులో పద్నాలుగు పేజీల ప్రమాద నివేదిక ఉంది. దాన్ని బయటికి తీయబుద్ధి కాలేదు.

"నేనే పెట్టానేమోలే అత్తయ్యా, వచ్చినప్పుడు."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. "నీకు పొయ్యి వెలిగించడం ఎప్పుడొచ్చిందిరా, వెధవా?" కళ్లు తుడుచుకుని డాక్టరు వైపు తిరిగింది. "రాసుకో నాయనా. అటకల మీంచి పడతాడు, తేదీ తెలీదు, పైగా అబద్ధాలు. వీణ్ణి ఒంటరిగా వదలకూడదు. నేనే వెళ్లి వీడింట్లో ఉంటాను."

నెల తిరక్కుండా కోర్టు ఆర్డరు వచ్చింది, మేనల్లుణ్ణి సంరక్షకుడిగా నియమిస్తూ. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, పేర్లు తారుమారు చేసిన గుమాస్తాను క్షమించేసింది.