ప్రభాకరరావుగారి గుండెనొప్పి

ఆ పొద్దున మామిడి వ్యాపారి ప్రభాకరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. పురిటికి వచ్చిన కూతురు హరితను ఆసుపత్రిలో చూపించి, ఎండెక్కకముందే తీసుకొచ్చెయ్యాలి. రాత్రి నుంచి అమ్మాయికి జ్వరం. ఆపరేషన్ కుట్ల దగ్గర చెమ్మగా ఉంది. ఫోన్ చేస్తే నర్సు వెంటనే తీసుకురమ్మంది.

అడ్డల్లా భార్య హైమవతే.

"పచ్చి బాలింత నెల తిరక్కుండా గడప దాటడమేంటండీ? గాలి సోకితే ఎవరిది పూచీ? బాలింత కోడల్ని బయట తిప్పిందని ఎదురింటావిణ్ణి మొన్న వీధంతా వినేలా కడిగేసింది నేనే!"

కొట్లో ఎంతటి బేరగాణ్ణయినా దారికి తెచ్చే ప్రభాకరరావుకు ఇంట్లో మాట చెల్లదు. అప్పుడే ఆవిడ పెట్టిన ఇంకో నియమం గుర్తొచ్చింది. బాలింతను ఇంట్లో ఒంటరిగా వదలకూడదు. అంతే, కుడివైపు ఛాతీ గట్టిగా పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు.

"హైమా... గుండెల్లో బరువుగా ఉందే."

హైమవతి కేకకు పక్కింటి దుర్గాప్రసాద్ పరిగెత్తుకొచ్చాడు. ఆయనదీ మామిడి వ్యాపారమే. కాయలతో బయల్దేరిన తన ట్రక్కు ఆటోనే ఆపించి, "ఎక్కండి బావగారూ!" అన్నాడు. మొగుణ్ణి ఒక్కణ్ణీ పంపలేక హైమవతి బయల్దేరింది. బాలింతను ఒక్కదాన్నీ వదల్లేక హరిత చెవుల్లో దూది కుక్కి, తలకు తువ్వాలు చుట్టి, పసివాడితో సహా డ్రైవర్ పక్కన కూర్చోబెట్టింది. పసివాడి గుడ్డల సంచీ చంకన తగిలించుకుని తను వెనకెక్కింది. రోగి బంగినపల్లి ట్రేల మీద పడుకున్నాడు.

దుర్గాప్రసాద్ దారి పొడుగునా ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. ఆసుపత్రి చేరేసరికి రెడ్డిగూడెం, విస్సన్నపేట వ్యాపారులు స్ట్రెచర్ పట్టుకుని నిలబడి ఉన్నారు.

"నాకేం లేదయ్యా! ముందు అమ్మాయిని చూడమనండి!"

"చూశారా, ఇంత నొప్పిలోనూ కూతురి మీదే ప్రాణం!" ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు.

"నొప్పి లేదయ్యా బాబూ, అబద్ధం చెప్పాను!"

"అయ్యో, మతి కూడా తప్పుతోంది. తొందరగా!" అన్నాడు దుర్గాప్రసాద్.

ఛాతీకి వైర్లు తగిలించారు. గుండె బాగానే ఉంది కానీ, ఈ హడావుడికి బీపీ నిజంగానే లేచింది. రేపటిదాకా కదలకూడదు, జావ తప్ప ఏమీ పెట్టకూడదన్నారు.

ఈలోగా డాక్టరమ్మ హరితను చూసింది. "కుట్లకు చీము పడుతోంది. ఇవాళ తెచ్చారు కాబట్టి మందులతో పోతుంది. సోమవారం మళ్ళీ తీసుకురండి." కట్టు కట్టించుకుని, మందేసుకుని, హరిత పక్క మంచం మీద హాయిగా నిద్రపోయింది.

చూడ్డానికొచ్చిన వ్యాపారులందరూ తలో సంచీ చిన్నరసాలు తెచ్చారు. ప్రభాకరరావు చెయ్యి చాచబోతే హైమవతి చెయ్యి మీద ఒక్కటిచ్చి, జావ గ్లాసు పెట్టింది. అందరూ వెళ్ళాక గొంతు తగ్గించింది.

"గుండె కుడివైపుంటుందా అండీ?"

ప్రభాకరరావు జావ గ్లాసు పక్కన పెట్టాడు. "తెలిసే వచ్చావా?"

"వీధంతా కూడదన్న నోటితో పదమని ఎలా అంటాను? మీరు ఏదో ఒకటి చేస్తారని తెల్లారే సంచీ సర్దుకుని కూర్చున్నా. ఎంతకీ చెయ్యరే!" అని, పసివాడి కుచ్చుటోపీ సరిచేస్తూ అడిగింది. "అవునూ, సోమవారం మళ్ళీ రమ్మన్నారుగా. ఈసారి మీకెక్కడ నొప్పి?"

మంచం కింద ఘుమఘుమలాడుతున్న సంచులకేసి ప్రభాకరరావు దిగులుగా చూశాడు.

"మోకాలు పెట్టుకుందామే. దానికైతే పళ్ళు మాన్పించరు."