పదో గుండు ఎక్కడ?

“లోకంలో నేరాలు రెండే రకాలురా! నేను ఛేదించినవి, నాకింకా ఎవరూ చెప్పనివి!” అని ప్రకటించాడు మా బావ, రైఫిల్ పోటీల మైదానంలో అడుగుపెడుతూనే.

వృత్తి గొడుగుల దుకాణం, ప్రవృత్తి అపరాధ పరిశోధన. ఇరవై ఏళ్లలో ఆయన పట్టింది గొడుగే తప్ప దొంగని కాదు.

నేనేమో తల పట్టుకుని కూర్చున్నాను. మా అమ్మాయి పది గుండ్లు పేల్చింది. గురి కాగితం మీద కన్నాలు తొమ్మిదే. పదోది గురి తప్పిందంటే దానికి సున్నా, జట్టులో చోటూ సున్నా, మూడేళ్ల సాధనా సున్నా. అమ్మాయి మీద నాకు గురే. దాని గురి మీదే జడ్జమ్మకి అనుమానం. పది నిమిషాల్లో ఆధారం చూపించమంది.

“ఏమైందిరా?”

“పదో గుండు కనబడట్లేదు బావా!”

బావ భూతద్దం తీశాడు. “అపహరణ! మిగతా తొమ్మిది గుండ్లూ క్షేమమేనా?”

“ఆ, అన్నీ నడిమధ్యనే ఉన్నాయి.”

“నడివయసు,” అని రాసుకుని మాయమయ్యాడు.

కాల్పులు ఆగాక గురి కాగితాలు విప్పుతున్న చోట గోల వినబడి పరుగెత్తాను. బావ, స్కోరు రాసే గుమస్తా టోపీ పట్టుకు లాగుతున్నాడు.

“తియ్యండి టోపీ! నాకే టోపీ పెడతారా?”

టోపీ ఊడింది. నున్నటి గుండు తళుక్కుమంది.

“దొరికింది! పదో గుండు!”

“పదోదేంటండీ? నాకున్నదే ఒక్కటి!” అన్నాడు గుమస్తా.

రక్షించడానికి బావ వాటేసుకోబోయాడు. గుమస్తా తప్పుకున్నాడు. బావ గురి కాగితాల వెనకున్న గోతిలో వెల్లకిలా పడి, దులుపుకుంటూ లేచి అటు తిరిగాడు.

“కదలకండి!” జడ్జమ్మ అరిచింది. “వీపు మీద కన్నాలు! ఒకటి, రెండు, మూడు...”

పది అనేసరికి బావ మోకాళ్ల మీద కూలిపోయాడు. “పది గుండ్లు దిగాయా! ఒరేయ్... మీ అక్కకి చెప్పు... నల్ల గొడుగులు తగ్గించి అమ్మొద్దని...”

జడ్జమ్మ ఆయన చొక్కాకి అంటుకున్న అట్టని జిగురుతో సహా ఊడదీసింది. ప్రతి గురి కాగితానికీ మూరెడు వెనక ఇలాంటి సాక్షి అట్ట ఒకటి ఉంటుందట. మా అమ్మాయి నంబరున్న అట్ట గాలికి గోతిలో పడింది.

“ముందు కాగితంలో రెండు గుండ్లు ఒకే కన్నంలోంచి దూరాయి. ఈ అట్ట దగ్గరికొచ్చేసరికి విడిపోయాయి. రెండూ పదులే! అమ్మాయ్, నువ్వు జట్టులో ఉన్నావ్!”

అమ్మాయి ఏడుస్తూ నవ్వుతూ బావ చెయ్యి పట్టుకు లేపింది. “లేవండి మామయ్యా! మీకేం తగల్లేదు. కన్నాలు అట్టకే. అది ఇందాక మీ వీపుకి అంటుకుంది.”

బావ ఒక కన్ను తెరిచాడు. ఆ తర్వాత మీసం దువ్వాడు.

“నాకు తెలీదనుకున్నావా తల్లీ? ఏ కేసులోనూ వెనక్కి తిరిగి చూసుకోవడం నాకలవాటు లేదు!”