తొంభై ఆరు మార్కుల కంప్యూటర్

ఆ సోమవారం జనవాడ బస్సు దిగేటప్పటికి లీయా మనసులో ఉన్నది చిన్న పనే. బీదర్‌లో రాచయ్య టైపు దుకాణానికి రెండు కంప్యూటర్లు పరీక్షకు వచ్చాయి. ఒకటి బర్నబా, ఇంకొకటి సాంబయ్య అమ్మడానికి తెచ్చారు. రెండింటికీ అవే వెయ్యి పేర్లిచ్చి, అక్షర క్రమంలో పేర్చడానికి ఏది ఎంతసేపు తీసుకుంటుందో గడియారం పెట్టి చూడాలి. వేగమైనదాన్ని కొనాలి. చెరకు రైతుల సంఘం తన సభ్యుల జాబితాను ఎదుటి దుకాణానికి కూడా ఇచ్చింది. ముందు ముగించినవాళ్ళకే ఏడాది పని. ఆ పని వస్తేనే లీయాకు నౌకరీ.

బర్నబా కంప్యూటర్ ముప్పై నాలుగు సెకండ్లలో ముగించింది. సాంబయ్యది తొంభై రెండు తీసుకుంది. లీయా కాగితంమీద అంకెలు మాత్రం రాసి ఇచ్చింది.

రాచయ్య ముప్పై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పిన మనిషి.

"అయ్యో బర్నబా! ఒక్క మార్కుతోని ఫెయిలయింది గదయ్యా నీ మిషను!"

లీయా అంకెల పక్కన వేలు పెట్టింది. "సార్... అవి సెకండ్లు."

"సెకండ్ ఎట్లయితది బిడ్డా? తొంభై రెండంటే ఫస్టే! ముబారక్ సాంబయ్యా!"

సాంబయ్య పేడా మిఠాయికి మనిషిని పంపాడు.

బర్నబాకు సంగతి అర్థమైంది. కానీ రాచయ్యతో వాదించి గెలిచినవాళ్ళు ఆ బజారులో లేరు. "ఇంకోపారి పరీక్ష పెట్టుండ్రి సార్" అని, కంప్యూటర్ ముందున్న మీట నొక్కాడు. అది వేగాన్ని తగ్గించే మీట. ఈసారి తొంభై ఆరు.

"శభాష్! కష్టపడ్తే ఎవలైన పాసైతరు!" అని రాచయ్య దాన్నే కొన్నాడు. "ఆ మీట ఎందుకయ్యా?"

"మళ్ల నొక్కితే ముప్పై నాలుగుకు పడ్తది సార్" అన్నాడు బర్నబా. అబద్ధమేమీ కాదు.

రాచయ్య వెంటనే మీటమీద పట్టీ అంటించాడు.

బుధవారం లీయా ధైర్యం కూడగట్టుకుంది. "సార్, పట్టీ తీస్తే పని జల్ది అయితది."

"జల్ది జల్ది రాసిన పోరలే ఫెయిలయ్యేది. నిదానంగ రాయనియ్ దాన్ని."

శనివారం ఎదుటి దుకాణంవాళ్ళు అరగంట ముందు జాబితా అప్పజెప్పారు. వాళ్ళు కొన్నది సాంబయ్య కంప్యూటరే.

రాచయ్య గడపలో నిలబడి నిట్టూర్చాడు. "తక్కువ మార్కుల పోరగాళ్ళకే నౌకరీలు జల్ది దొర్కుతయ్. బళ్ళ గూడ ఇదే చూసిన."

లీయా టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది. పదో తరగతి లెక్కల్లో ఆమెకు తొంభై ఎనిమిది.