ఇంటర్వ్యూలు ఉండగా ఉద్యోగాలెందుకు?

ఉద్యోగం ఇవ్వకుండా ఉత్త ఇంటర్వ్యూలు మాత్రమే పెట్టే కంపెనీలను గుర్తించి ఊరూరా సన్మానం చేయాలని నేను ఎంతోకాలంగా మొత్తుకుంటున్నాను. ఎవరూ వినడం లేదు. శాలువాలు దొరకవని భయమా? నారాయణపేట చీరలే కప్పుదాం!

నవ్వకండి. ఆ కంపెనీలు చేస్తున్న సేవ ఎంతటిదో మీకు తెలియదు. ఉద్యోగం ఒకరికి ఇస్తే ఒకరికే దక్కుతుంది. ఇంటర్వ్యూ అలా కాదే! ఒక్క ఖాళీ లేకపోయినా వందమందికి పెట్టవచ్చు. ఇంతకు మించిన సమానత్వం ఎక్కడైనా చూశారా?

నమ్మకం కుదరకపోతే నారాయణపేట సింధూజ సంగతి వినండి.

సింధూజ మగ్గం ఉన్న ఇంట్లో పుట్టింది. తండ్రి రామచంద్రయ్య చీరలు నేస్తాడు. తల్లి రాజమణి నూలు కండెలు చుడుతుంది. ఆ ఇంటి నుంచి పట్నం పోయి చదువుకున్న మొదటి పిల్ల ఈమె. చదివింది ఫుడ్ సైన్స్, అదీ ఎమ్మెస్సీ, అదీ ఫస్ట్ క్లాస్. ఫుడ్ సైంటిస్ట్ అనిపించుకోవాలని ఆమె పట్టుదల. ఆ మాటకు అర్థమేమిటో మాత్రం వాడకట్టులో ఎవరికీ తెలియదు.

"అంటె వంట మాస్టరా బిడ్డా?" అని పక్కింటి ఐలేశం అడిగాడు.

"కాదు పెద్దనాయినా. తిండి ఎందుకు పాడైతదో, పాడు కాకుండ ఎట్ల ఉంచాల్నో చూసే పని."

"గదానికి గింత చదువెందుకు? పొద్దుగాల వండి మాపటికల్ల తినేస్తె అయిపాయె!"

ఆహార శాస్త్రం మొత్తాన్ని ఐలేశం అలా ఒక్క ముక్కలో తేల్చిపారేశాడు. అయినా ఇదేదో తనిఖీలు చేసే ఉద్యోగమేమోనని అనుమానపడి, పెళ్లిళ్లలో వడ్డించేవాళ్లు సింధూజ విస్తరిలో పెద్ద ముక్కలు ఏరి వేయడం మొదలుపెట్టారు. ఉద్యోగం లేకుండానే ఇంత మర్యాద జరుగుతుంటే, తొందరపడి ఉద్యోగం తెచ్చుకునేదెవరు?

మొదటి ఇంటర్వ్యూ హైదరాబాద్ దారిలో ఒక బిస్కెట్ల కంపెనీలో జరిగింది. అక్కడ ఆమె పేరైనా అడగకముందే, "మా సజ్జ బిస్కెట్లు నెల తిరక్కుండానే చేదెక్కుతున్నాయి. మీరైతే ఏం చేస్తారు?" అని అడిగారు.

సింధూజ పొంగిపోయింది. ఇలాంటి ప్రశ్న కోసమే కదా అన్నేళ్లు చదివింది! బోర్డు మీద బొమ్మలు వేసి మరీ చెప్పింది. సజ్జలు పిండి పట్టించగానే అందులోని నూనె చెడటం మొదలవుతుందని, కాబట్టి ముందు గింజలకు ఆవిరి పట్టించి, బాగా ఆరబెట్టి, ఆ తర్వాతే పిండి చేయించాలని వివరించింది. ఎదురుగా కూర్చున్న ముగ్గురూ తలెత్తకుండా రాసుకున్నారు. ఇంత శ్రద్ధగా రాసుకుంటున్నారంటే ఉద్యోగం వచ్చినట్టేనని ఆమె అనుకుంది. టీ ఇచ్చి, "మేమే ఫోన్ చేస్తాం" అన్నారు.

ఫోన్ రాలేదు. బిస్కెట్ వచ్చింది. కొన్నాళ్లకు నారాయణపేట కిరాణా దుకాణంలో అదే ప్యాకెట్ మీద "ఇప్పుడు చేదు లేకుండా!" అని పెద్దపెద్ద అక్షరాలు కనిపించాయి. సింధూజ ఒకటి కొనుక్కుని తిన్నది. నిజంగానే చేదు లేదు. ఆమె చెప్పింది చెప్పినట్టే చేశారు. తన ఉద్యోగాన్ని తానే కొనుక్కుని తినే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది చెప్పండి!

తర్వాత ఒక పెరుగు కంపెనీ పిలిచింది. పెరుగు మీద నీళ్లు తేలుతున్నాయన్నారు. సింధూజ చెప్పింది, తేలడం ఆగింది. ఆ తర్వాత అల్లం వెల్లుల్లి పేస్టు వాళ్లు. సీసాలో ఆకుపచ్చగా మారుతోందని వాపోయారు. చెప్పింది, తెల్లబడింది. పాలమూరు నుంచి పట్నం దాకా ఆమె అడుగుపెట్టిన ప్రతిచోటా సరుకు బాగుపడింది. ఆమెకు మాత్రం అందరూ ఒకటే మాట చెప్పారు. "ఎక్స్‌పీరియన్స్ లేదు కదమ్మా!"

వేరే దేశాలవాళ్లు పరిశోధన కోసం ల్యాబులు కట్టి, సైంటిస్టులకు జీతాలిచ్చి పాడైపోతున్నారు. మనవాళ్లు అదే పని ఒక్క టీతో కానిస్తున్నారు. ఈ పద్ధతిని మిగతా రంగాలకు కూడా ఎందుకు విస్తరించకూడదు? ఇల్లు కట్టుకోవాలా? మేస్త్రీలను ఇంటర్వ్యూకు పిలిచి తలా ఒక గోడ కట్టమనండి. స్లాబు రెండో రౌండులో వేయించుకోవచ్చు. పన్ను నొప్పిగా ఉందా? డెంటిస్టు కావలెను అని ప్రకటన ఇచ్చి నోరు తెరుచుకుని కూర్చోండి!

ఇంత గొప్ప సేవను సింధూజ ఇంట్లోవాళ్లు మాత్రం గుర్తించలేదు.

"ఈ ఎండకాలం దాటెదాక చూస్తం బిడ్డా," అంది రాజమణి. "కాకపోతె ఇంట్లనే పని పట్టుకో. నాకు చూపు ఆనుతలేదు. పోగు తెగితె కండ్లవడుతలేదు."

కోపంతో అన్న మాట కాదది. కోపంతో అన్నా బాగుండేది. తన చదువు తల్లి కళ్లు అరగదీసుకుంటే వచ్చిందని సింధూజకు తెలుసు. వెనక్కి తిరిగి ఏడ్చి, మొహం కడుక్కుని, ఇంకో కంపెనీకి దరఖాస్తు పంపింది.

ఆ వారంలోనే చీరలు కొనే సావుకారి ఒకడు ఇంటికి వచ్చాడు. రామచంద్రయ్య అప్పుడే కొత్త అంచు వేసిన చీరను మగ్గం మీది నుంచి దించాడు.

"మొత్తం ఇప్పు, చూస్త," అన్నాడు సావుకారి.

రామచంద్రయ్య కొంగు కొస జానెడు చూపించి మళ్లీ మడత పెట్టాడు. "ముందుగాల బయానా పైసలు పెట్టు సావుకారి. మొత్తం చూసినవంటె వారం తిరిగెవరకు మిల్లు చీరెల మీద నా అంచు ఉంటది."

సావుకారి గొణుక్కుంటూనే జేబులో చెయ్యి పెట్టాడు. గడప దగ్గర కూర్చున్న సింధూజ కళ్లార్పకుండా చూసింది.

"బాపూ, గీ ముచ్చట నాకు ముందే ఎందుకు చెప్పలే?"

"నువ్వేమన్న చీరెలు అమ్మవోతున్నవా?" అన్నాడు రామచంద్రయ్య.

తర్వాతి పిలుపు చౌటుప్పల్ దగ్గర ఒక చిరుతిళ్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. ప్రొడక్షన్ మేనేజర్ దివాకర్ సూటిగా విషయంలోకి దిగాడు. "మా మురుకులు ప్యాకెట్లనే మెత్తబడుతున్నయి. ఎందుకంటరు?"

ఎందుకో సింధూజకు లోపలికి వస్తున్నప్పుడే తెలిసిపోయింది. పొగలు కక్కుతున్న మురుకులను ఆడవాళ్లు అప్పటికప్పుడు ప్యాకెట్లలో పోసి అంటించేస్తుంటే అద్దంలోంచి చూసింది. ఆవిరి పోయే దారేది? జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది.

"పిండి చూడాలె సార్. నూనె చూడాలె, ప్యాకింగు చూడాలె. గిట్ల కుర్చీల కూసోని చెప్పేది కాదు."

అంతకుముందు వచ్చినవాళ్లందరూ తలా ఒక చిట్కా చెప్పి వెళ్లారు. ఏదీ పనిచేయలేదు. చెప్పేసినవాళ్లతో ఇక పని లేదు. చెప్పనిదాన్ని మాత్రం తీసుకోక తప్పలేదు! అలా సింధూజకు ఆరు నెలల ప్రొబేషన్ మీద ఫుడ్ సైంటిస్ట్ ఉద్యోగం వచ్చింది. తెల్లకోటు వేసుకుని ఫొటో పంపితే రాజమణి ఫోన్ కళ్లకు ఆనించుకుని చూసింది. "డాక్టరమ్మ లెక్క ఉన్నవ్ బిడ్డా," అంది.

మురుకులను చల్లార్చి ప్యాక్ చేయించడం అరగంట పని. సింధూజ నెల రోజులు చేసింది. ఉచితంగా అయితే గంటలో చెప్పే మనిషి, జీతం ఇచ్చేసరికి ఎలా పాడైపోయిందో చూశారా!

మురుకులు కరకరలాడాయి. దివాకర్ సంతోషించాడు. అంతలో మామిడికాయ తొక్కు ప్యాకెట్లు గోడౌన్‌లో ఉబ్బడం మొదలుపెట్టాయి.

"మేడం, సోమవారం కొంతమందిని ఇంటర్వ్యూకు పిలుస్తున్న. మీరు కూడ కూసోవాలె," అన్నాడు దివాకర్.

"పోస్టు ఉందా సార్?"

"పోస్టు లేదు. తొక్కు ఉంది."

"నేను చూస్త కద సార్."

"మీకు మురుకులకే నెల పట్టె. అప్పటిదాక తొక్కు ఆగుతదా?"

సింధూజ సరేనంది. ప్రొబేషన్ కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఈ దివాకరే.

సోమవారం మొదట ఎస్తేరు అనే అమ్మాయి వచ్చింది. భువనగిరి పిల్ల. అమ్మానాన్నలు కూలికి పోతారట. ఫైలు గుండెకు హత్తుకుని, కుర్చీ అంచున కూర్చుంది. తొక్కు సంగతేమిటో స్వయంగా విందామని ఓనరు కూడా వచ్చి కూర్చున్నాడు. దివాకర్ ప్రశ్న అడిగీ అడగకముందే ఎస్తేరు మొహం వెలిగిపోయింది. లేచి బోర్డు దగ్గరికి వెళ్లి మార్కర్ మూత తీసింది.

ఆ వెలుగును సింధూజ గుర్తుపట్టింది. సజ్జ బిస్కెట్ల కంపెనీలో తన మొహం ఎలా ఉండి ఉంటుందో ఆమెకు ఇప్పుడు కనిపించింది.

"ఉప్పు, పులుపు సరిపోకపోతె మేడం, లోపట..."

"కూసో ఎస్తేరూ," అంది సింధూజ. "ఎప్పటిసంది వస్తవ్ డ్యూటీకి?"

టేబుల్ కింద దివాకర్ కాలు వచ్చి గట్టిగా తగిలింది. సింధూజ కాలు తీయలేదు.

"రేపటిసందే వస్త మేడం! పొద్దుగాలనే బస్సుంది," అంది ఎస్తేరు.

"మరి తొక్కు ముచ్చట?" అన్నాడు ఓనరు.

"రేపు చెప్తది సార్. అపాయింట్‌మెంట్ కాగితం తీసుకొని."

ఓనరు దివాకర్ వైపు చూశాడు. దివాకర్ ఫ్యాన్ వైపు చూశాడు. ఉద్యోగం లేకుండానే పిలిచామని పిల్ల ముందు చెప్పడానికి ఇద్దరికీ నోరు రాలేదు. గోడౌన్‌లో ప్యాకెట్లు ఉబ్బుతూనే ఉన్నాయి. చివరికి ఓనరు తల ఊపాడు. ఎస్తేరు మార్కర్‌కు మూత పెట్టింది.

పాఠకులారా, నా బాధ మీకు అర్థమైందా? ఇద్దరు ఆడపిల్లలు కలిసి ఒక మహత్తరమైన సంప్రదాయానికి గండి కొట్టారు. ఇలా ప్రతివాళ్లూ ఉద్యోగం ఇస్తేనే పనిచేస్తామని మొండికేస్తే, రేపటి నుంచి ఈ దేశంలో ఇంటర్వ్యూలు పెట్టేదెవరు?