వంద రోజుల టేపు

"నా హయాంలో ఏదీ పగలదు. పగిలినా కారదు. కారినా కనపడదు" అని ఆరోగ్య శాఖ మంత్రిగారు పెద్దాసుపత్రి మెట్ల మీద నిలబడి ప్రకటించారు. ఇంత నిబ్బరంగా మాట్లాడిన మంత్రి ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి. మెట్లు కడగడం కూడా అదే మొదటిసారి.

ఈ చరిత్రాత్మక ప్రకటనకి కారకుడైనవాడు జనం వెనకాల, చేతిలో స్పానరుతో, నోరు తెరుచుకుని నిలబడ్డాడు. అతను ఆసుపత్రి మెకానిక్. ఇరవై రెండేళ్లుగా అక్కడి కుళాయిలు, మంచాల చక్రాలు, తలుపు గొళ్లాలు అతని చేతుల మీదే బతుకుతున్నాయి. గంట క్రితం తను అన్న మాటల్లో సగమే మంత్రిగారి చెవిన పడిందని అతనికి అప్పుడప్పుడే అర్థమవుతోంది.

జరిగింది ఇది. మొదటి అంతస్తులో డయాలసిస్ గది ఉంది. దానికి నీళ్లు మోసుకెళ్లే అంగుళమున్నర ఇనప పైపు వరండా గోడ వెంట పోతుంది. తుప్పు తినేసి, వంపు పక్కన జానెడు మేర పగిలింది. కొత్త పైపు కావాలని మెకానిక్ పదకొండు నెలలుగా అర్జీలు పెడుతున్నాడు. పైపు రాలేదు గాని, పైపు ఎందుకు కావాలో వివరించమని నెలనెలా ఉత్తరం మాత్రం తప్పకుండా వచ్చేది. రాసి రాసి అతని చేతిరాత ముత్యాల్లా తయారైంది.

ఆ గదిలో వారానికి మూడు రోజులు, పూటకి నాలుగు గంటలు, అతని అక్క పడుకుంటుంది. ఆమె మూత్రపిండాలు రెండూ చేతులెత్తేశాయి. వాటి పని మెషిన్ చేస్తుంది. నీళ్లాగితే మెషిన్ ఆగుతుంది. మెషిన్ ఆగితే ఏమవుతుందో అతను ఎప్పుడూ ఆలోచించలేదు, ఆలోచించే ధైర్యం లేక.

అందుకే పైపు పగిలిన రోజున వాల్వు కట్టేసి, తుప్పు గీకి, పొడిగుడ్డతో తుడిచి, వెడల్పాటి వెండిరంగు టేపు తీసి చుట్టాడు. అది గుడ్డ నేసిన టేపు, పళ్లతో తెగదు. సాగదీసి పట్టి, ప్రతి చుట్టూ ముందు చుట్టు మీద సగం పడేలా, పన్నెండు చుట్లు. చివర్న చెంచా వెనకభాగంతో గాలి లేకుండా నొక్కాడు. చుక్క కారలేదు. గోడ మీద "తాత్కాలికం, పది రోజులు" అని సుద్దముక్కతో రాశాడు. మంత్రిగారి తనిఖీ కోసం గోడకి సున్నం వేసినవాళ్లు ఆ రాతకి కూడా వేశారు.

తనిఖీలో మంత్రిగారు ఆ పైపు ముందు ఆగారు. ఆసుపత్రి ఇంజనీరు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏమిటిదని మంత్రిగారు అడగ్గానే, వెంట ఉన్న కార్యకర్తల్లోంచి మెకానిక్ బావ, అంటే ఆ అక్క మొగుడు, ఒక్క ఉదుటున ముందుకొచ్చాడు. అతను అధికార పార్టీ వార్డు కార్యకర్త, మైకు అవసరం లేని మనిషి. అతను "వర్ధిల్లాలి" అంటే పక్క వీధిలో పావురాలు లేచేవి.

"మా బావమరిది చేసిన రిపేరండీ. చుక్క కారదు" అన్నాడు బావ.

మంత్రిగారు వేలితో నొక్కి చూశారు. వేలు తడి కాలేదు. ప్రభుత్వాసుపత్రిలో వేలు పెట్టిన చోట తడి అంటకపోవడం ఆయన్ని కదిలించింది.

"ఎంతసేపు పట్టిందయ్యా?"

"పావుగంటండీ. కానీ ఇది పది రోజులకి మించి..."

పావుగంట అన్నంతవరకే మంత్రిగారికి తీరిక చిక్కింది. మెట్ల దగ్గర విలేకరులు ఎదురుచూస్తున్నారు.

అలా పుట్టింది "అతుకు-బతుకు" పథకం. వారం తిరక్కుండా ప్రతి శాఖకీ టేపు చేరింది. బడి బెంచీలకి వేశారు, బస్సు అద్దాలకి వేశారు, పోలీసు జీపు బంపరుకి వేశారు. ఒక ఊరి కార్యాలయం వాళ్లు ఉత్సాహం పట్టలేక రోడ్డు మీద గుంటకి అడ్డంగా వేశారు. గుంట మాయమైంది. అది ఎక్కడికీ పోలేదని మొదట కనుక్కున్నది ఒక తపాలా ఉద్యోగి స్కూటరు. ఆయన కాలికి కట్టుకట్టి, కట్టు ఊడకుండా పైన టేపు కూడా వేశారు. ఆ ఫొటో పథకం కరపత్రంలో మూడో పేజీలో వచ్చింది.

పథకానికి ఆది అయిన పైపుని మంత్రిగారు మరవలేదు. అది వంద రోజులు నిలిస్తే దేశానికే నమూనా అవుతుందని, వందో రోజున తానే స్వయంగా వచ్చి సభ పెడతానని సెలవిచ్చారు. పైపు బాగుంది కనక పైపు అవసరం లేదని రాసి, కొత్త పైపు ఫైలు మూసేశారు. జనం తోసుకుంటూ చూస్తే నమూనాకి దెబ్బ తగులుతుందని దాని ముందు రెయిలింగ్ పెట్టించారు. ఆ రెయిలింగ్‌కి ఆరు కొత్త పైపులు వచ్చాయి. ఇనపవి, అంగుళమున్నరవి, నిగనిగలాడేవి. ఫైలు కదిలిన నాలుగో రోజుకే బిగించేశారు. మెకానిక్ వాటి ముందు నిలబడి చాలాసేపు కళ్లార్పలేదు.

అతనికీ న్యాయం జరిగింది. రాష్ట్ర టేపు సలహాదారుగా నియమించి జేబుకి బ్యాడ్జీ పెట్టారు. సలహాదారు పనిముట్లు పట్టుకుంటే హోదా తగ్గుతుందని స్పానరు వెనక్కి తీసుకున్నారు.

మంత్రిగారు వచ్చివెళ్లిన తొమ్మిదో రోజున అక్క మంచం మీంచి నీరసంగా పిలిచింది. "ఒరేయ్, ఇందాకట్నించి మెషిన్ కూస్తోంది. నీళ్లు తగ్గుతున్నాయంటోంది నర్సమ్మ. నువ్వేదో పెద్ద ఆఫీసరువయ్యావటగా, ఒకసారి చూడు."

వరండాలోకి వెళ్లి చూశాడు. టేపు అంచున నీటిబొట్టు ఊరి, నిలిచి, జారింది. అది వందో రోజు దాకా ఆగే రకం కాదు. తిన్నగా ఇంజనీరు దగ్గరికి పరిగెత్తాడు. ఇంజనీరు చెడ్డవాడు కాదు, రిటైరు కావడానికి ఏడు నెలలున్నవాడు. పైపు కారుతోందని కాగితం మీద పెడితే పథకం కారుతోందని పెట్టినట్టేనని, అలాంటి కాగితం తన చేతి మీదుగా పైకి పోదని ఓపిగ్గా వివరించాడు. కింద బకెట్టు పెట్టమన్నాడు. బకెట్టు కూడా కనపడకుండా పెట్టమన్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం, ఒక బ్యాచి రోగులు వెళ్లి ఇంకో బ్యాచి రావడానికి మధ్యలో, రెయిలింగ్ కాపలావాడు భోజనానికి వెళ్లాడు. మెకానిక్ ఇంటి నుంచి తెచ్చుకున్న సొంత పనిముట్ల సంచీ విప్పాడు. రెయిలింగ్‌లోంచి ఒక పైపు ఊడదీస్తుండగా, అక్కని మంచమెక్కించడానికి వచ్చిన బావ చూసి నిర్ఘాంతపోయాడు.

"ఏవోయ్, మంత్రిగారి రెయిలింగ్ మీద చెయ్యేస్తావా? నన్ను పార్టీలో తలెత్తుకోనివ్వవా?"

అక్క గోడకి ఆనుకుని నిలబడి మొగుడి వంక ఒక్కసారి చూసింది. బావ రెండు క్షణాలు అటూ ఇటూ తచ్చాడి, కండువా తీసి జేబులో కుక్కుకుని, వెళ్లి పైపు రెండో కొస పట్టుకున్నాడు.

నలభై నిమిషాల్లో పని అయిపోయింది. కొత్త పైపుని కొలతకి కోసి, చివర్న మరలు కోసి బిగించాడు. పాత పైపుకి వెండిరంగు పూసి రెయిలింగ్‌లో నిలబెట్టాడు. కొత్త పైపు మీద సరిగ్గా పాత చోటే, పాత పద్ధతిలోనే పన్నెండు చుట్ల టేపు చుట్టాడు. వాల్వు తిప్పగానే లోపల మెషిన్ కూత మానేసింది. అక్క నవ్వింది. ఆమె నవ్వి ఎన్నాళ్లయిందో లెక్కపెట్టబోయి, మానేసి, అతను పనిముట్లు సంచీలో సర్దుకున్నాడు.

వందో రోజు రానే వచ్చింది. వరండాలో వేదిక కట్టారు, కుర్చీలు వేశారు. వేదిక కుర్చీలన్నిటికీ గౌరవార్థం ఒక్కొక్క చుట్టు టేపు వేశారు. మంత్రిగారు పైపుని తడిమి, వంద రోజుల్లో ఒక్క చుక్క కారలేదని చెప్పి, కంటతడి పెట్టినంత పని చేశారు. బావ నినాదాలందుకున్నాడు. ఇక దండలేసి ఇంటికి పంపిస్తారనుకుంటుండగా మంత్రిగారికి ఇంకో ఆలోచన వచ్చింది.

"ఈ టేపు గొప్పతనం తెలియాలంటే దాని కింద ఎంత పెద్ద పగులుందో జనం కళ్లారా చూడాలి. విప్పండి" అన్నారు.

మెకానిక్ రెయిలింగ్ వంక చూశాడు. సర్కారు రెయిలింగ్ ఊడదీసినందుకు ఉద్యోగం పోతుంది, కేసూ పడుతుంది. బావ నినాదం సగంలో ఆగింది. కాపలావాడు బ్లేడుతో పన్నెండు చుట్లూ కోసి లాగాడు. కింద పగులు లేదు. తుప్పు లేదు. కొత్త పెళ్లికొడుకులా తళతళలాడుతూ పైపు ఉంది.

మంత్రిగారు వంగి చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. ఇంజనీరు పైపుని చూశాడు, తర్వాత రెయిలింగ్‌ని చూశాడు, తర్వాత తన బూట్లని చూసుకున్నాడు.

దాచి లాభం లేదనుకుని మెకానిక్ ముందుకొచ్చాడు. "తప్పయిపోయిందండీ. ఇది పాతది కాదండీ, కొత్తదండీ."

"విన్నారా?" అన్నారు మంత్రిగారు జనం వైపు తిరిగి. "చేసినవాడే చెబుతున్నాడు. మనం పగులు మూయడానికి టేపు వేశాం. టేపు పగుల్ని మాన్పేసింది. పైపుకి కొత్త చర్మం వచ్చింది."

వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు. మంత్రిగారు ఇంజనీరుని సాంకేతిక అభిప్రాయం అడిగారు. వంద రోజులంటే తమ అంచనా కూడా సుమారు అంతేనని ఇంజనీరు బూట్లకే చెప్పాడు.

మెకానిక్ మళ్లీ నోరు తెరవబోయాడు. అప్పటికే అతని మెడలో మూడు దండలు పడ్డాయి. అతనికి సిగ్గేసింది, సంతోషం కూడా వేసింది. కేసు తప్పింది, పైపు నిలిచింది, అక్కకి నీళ్లకి లోటుండదు. ఇంతకన్నా తనకేం కావాలని సర్దిచెప్పుకున్నాడు.

మంత్రిగారు మాత్రం అక్కడితో తృప్తిపడే మనిషి కాదు. డయాలసిస్ మెషిన్లు పాతబడ్డాయని, కొత్తవి కావాలని సూపరింటెండెంటు రాసిన ఫైలు తన దగ్గరుందని, మాన్పుకునే దారి చేతిలో ఉండగా కొనుక్కునే దారి పట్టడం చేతగానితనమని అన్నారు. ఆ ఫైలు వేదిక మీదే రద్దు చేశారు. సభ బ్రహ్మాండంగా ముగిసింది.

మర్నాడు పొద్దున్న అక్క వంతు. మెకానిక్, బావ ఆమెని చెరో పక్కా పట్టుకుని మొదటి అంతస్తుకి తీసుకొచ్చారు. గది బయట బెంచీ మీద మిగతా ముగ్గురు రోగులు, వాళ్ల మనుషులు కూర్చుని ఉన్నారు. లోపల నాలుగు మెషిన్లు తల నుంచి చక్రాల దాకా వెండిరంగు టేపులో చుట్టి ఉన్నాయి. ఒక్కోదానికీ ఒక చీటీ వేలాడుతోంది. "మానుతోంది. వంద రోజులు కదిలించరాదు."

"మరి ఈ వంద రోజులూ మేమేం చెయ్యాలమ్మా?" అని అక్క నర్సుని అడిగింది.

"దాని గురించి ఆర్డరేం రాలేదమ్మా" అంది నర్సు. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

బావ మంత్రిగారి పీఏకి ఫోన్ చేశాడు. పీఏ అభినందించి, మీ ఆవిడ మెషిన్ మొదటి విడతలోనే వచ్చేలా చూసింది మంత్రిగారేనని, థాంక్స్ చెప్పాల్సిన పని లేదని పెట్టేశాడు. బావ ఫోన్ వంక చూస్తూ నిలబడిపోయాడు. అక్క కాళ్లు అప్పటికే వాచాయి. మెకానిక్ తన చేతుల్ని చూసుకున్నాడు. ఇరవై రెండేళ్లలో ఆ చేతుల మీద అతనికి అసహ్యం వేయడం అదే మొదటిసారి.

అతను జేబులోంచి బ్లేడు తీశాడు. గడప దాటబోతే చిక్కొచ్చింది. ఆ టేపు లాగితే చర్రుమని మేడంతా వినపడుతుంది. మెట్ల దగ్గర కాపలావాడున్నాడు. మెషిన్ల మీద చెయ్యేసినవాణ్ణి పట్టుకోమని అతనికి పొద్దున్నే ఆర్డరొచ్చింది.

బావ కండువా భుజాన సర్దుకున్నాడు. మెట్ల మొదట్లోకి వెళ్లి, కాళ్లు ఎడంగా పెట్టి, ఊపిరి నిండా పీల్చుకుని, మంత్రిగారు వర్ధిల్లాలని గొంతెత్తి అరిచాడు. మేడ దద్దరిల్లింది. లోపల మొదటి చుట్టు చర్రుమంది. బెంచీ మీద కూర్చున్న రోగుల్లో ఒకమ్మాయి తండ్రి, దర్జీ పని చేసేవాడు, లేచి, తన కూతురి వంక చూసి, బావ పక్కన చేరాడు. తర్వాత మిగతావాళ్లూ లేచారు. కాపలావాడు అయోమయంగా చూశాడు గాని, పార్టీ కార్యక్రమాలకి అడ్డు తగలకూడదని అతనికి వేరే ఆర్డరుంది. అతను సెల్యూట్ చేసి పక్కకి జరిగాడు.

మెషిన్లు తిరుగుతున్న నాలుగు గంటలూ ఒక్కరూ అరవడం ఆపలేదు. మళ్లీ టేపు చుట్టడానికి ఇంకో అరగంట అరిచారు.

తెల్లారి పేపర్లో మొదటి పేజీలోనే వచ్చింది. ఆసుపత్రిలో రోగుల బంధువులు తమంతట తామే నాలుగున్నర గంటలపాటు మంత్రిగారికి జేజేలు పలికారట. ఆ అభిమానానికి మంత్రిగారు కరిగిపోయారట. వంద రోజుల గడువుని ఏడాదికి పెంచారట. మెకానిక్ చదివి వినిపిస్తుంటే అక్క మంచం మీద కళ్లు మూసుకుని వింది. బావకి గొంతు పూర్తిగా పోయింది. ఉప్పునీళ్లు నోట్లో పోసుకుని పెరట్లో పుక్కిలిస్తున్నాడు. అక్కకి మళ్లీ ఎల్లుండి డయాలసిస్.